మొదటి నీళ్లు

1974 జూన్, బుధవారం రాత్రి, పటమట

రేపు కాలవకి నీళ్లొస్తాయి. వేసవంతా ఎండిన కాలవలో పోగైన పెంట, చచ్చిన కుక్కలు, అన్నీ మొదటి నీళ్లతోనే కొట్టుకొస్తాయి. అవి దిగువకి పోయాకే మంచినీళ్ల చెరువులోకి కాలవ నీళ్లు వదిలే తూము ఎత్తాలి. మా ఇంజనీర్ల సంఘం మాత్రం కంకిపాడు దగ్గరి ఊళ్లో రేపు పొద్దున్నే తూము ఎత్తే సభ పెట్టింది.

సాయంత్రం ఏర్పాట్లు చూడ్డానికి వెళ్లాం. అధ్యక్షుడు సత్యనారాయణ ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే.

"ముహూర్తం పెట్టేశామండీ. మంత్రిగారొస్తున్నారు, ఫొటోగ్రాఫర్‌నీ మాట్లాడాం."

"మంత్రిగారు ఈ నీళ్లు తాగుతారా?"

"అబ్బే, ఆయనకి సోడాలు తెప్పించాం."

"మరి ఊళ్లోవాళ్లకి?"

"గురువుగారూ, మీరు పుస్తకాలు మరీ ఎక్కువ చదివారండీ."

"నువ్వు ఒక్కటైనా చదవాల్సిందయ్యా."

తాగేనీళ్లు పరీక్షించి ఊళ్లకి నిజం చెప్పడానికే ఈ సంఘం పెట్టాం. ఇప్పుడు దండలకీ శాలువాలకీ మిగిలింది. పోయినేడు కూడా చెరువులోకి మొదటి నీళ్లే పట్టారు. ఊళ్లో వాంతులు, విరేచనాలు, చావులు. సంఘం లేచి నిలబడి సంతాప తీర్మానం చేసింది!

వాళ్లు పందిరి కొలుస్తుంటే తూము షట్టర్‌కి తాళం బిగించి, చెవి జేబులో వేసుకొచ్చేశాను. సంఘంలోంచి తీసేస్తే తీసేయనీ.

కానీ తాళం పగలగొడితే? ఆ ఆలోచనే నిద్ర పట్టనివ్వడం లేదు.

మొదటి బస్సుకే వెళ్లి తూము మీద కూర్చుంటాను. మంత్రిగారి ముందు ఈ ముసలాణ్ణి ఈడ్చి పారేయమను, చూద్దాం. ఫొటోగ్రాఫర్ ఎలాగూ ఉంటాడు.