నీళ్ళు రాని గదికి నా సంతకం

ఆరోగ్య శాఖ అధికారి గారికి,

నమస్కారం. పన్నెండో తేదీన నర్సమ్మ మా గూడేనికి గజ్జి మందు తెస్తున్నారు కాబట్టి, ఈరోజే రాయక తప్పడం లేదు.

మందు పూసిన రోజే అన్ని ఇళ్ళ దుప్పట్లూ వేడినీళ్ళలో ఉతకాలని, లేకపోతే గజ్జి తిరగబెడుతుందని ఆమె చెప్పారు. మా అక్క కొడుక్కి పుళ్ళు చీముపట్టి ఇప్పటికే రెండుసార్లు జ్వరం వచ్చింది. మీరిచ్చిన నాలుగు బట్టల మిషన్లు ఉన్నాయి కానీ, వాటిని పెట్టిన గదికి నీళ్ళ గొట్టం వేయలేదు. వాగు నీళ్ళు మోసి, కాచి ఉతకాలంటే నలభై ఇళ్ళవి ఒక్క రోజులో తెమలవు.

గొట్టం వేయడానికి మనిషిని పంపమంటే మీ గుమాస్తాగారు, "అన్నీ పనిచేస్తున్నాయని నువ్వే సంతకం పెట్టావుగా తల్లీ" అన్నారు. నిజమే. మిషన్లు దించిన రోజు ఆ కాగితం చదవగలిగింది నేనొక్కదాన్నే. నీళ్ళు వస్తున్నాయని అందులో ఉంది, చదివాను. లారీ డ్రైవరు తొందరపెడుతున్నాడు. "మా పిల్ల సంతకం చూద్దురుగాని రండి!" అని పెద్దమ్మ అందరినీ పిలిచింది. గొట్టం ఏదని అడగకుండానే సంతకం పెట్టేశాను.

"చదువుకున్నదానివి కదే, ఆఫీసుకు ఒక్క ముక్క రాయి" అని అక్క రోజూ అంటోంది. నా సంతకం సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఆ సంతకం తప్పని ఒప్పుకుంటున్నాను. నన్ను పనిలోంచి తీసేసినా సరే, గొట్టం వేయించండి. వీలుకాదంటే మందు ఆపమని నర్సమ్మకు నేనే కబురు చేయాలి. దయచేసి ఎనిమిదో తేదీలోగా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
మిషన్ల గది బాధ్యురాలు