జెట్టీలో ఫోటో

సుందరి వదినకు ప్రభువు నామంలో వందనాలు.

ఫోనులో చెప్పడానికి నోరు రాక చెన్నై నుంచి ఇది రాస్తున్నాను. పుట్టుకతోనే గుండెలో చిల్లున్న మా పాప క్యారొలిన్ ఆపరేషన్ తర్వాత కళ్లు తెరవలేదు. ఆదివారం ఇక్కడే సమాధి చేశాం. బాంబూఫ్లాట్ పడవల జెట్టీలో చందాల డబ్బా మీద దాని ఫోటో అంటించారు కదా, మీ తమ్ముడు వచ్చేలోగా తీసేయండి.

డబ్బా మాత్రం ఉండనివ్వండి. మా వార్డులోనే ఉన్న మన అండమాన్‌లోని డిగ్లీపూర్ నుంచి వచ్చిన వాసవి కూతురిదీ ఇదే జబ్బు. ఆపరేషన్ ఉచితమే కానీ, ఇక్కడ గదికీ తిండికీ ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. ఇకపై వచ్చే చందా ఆమెకు పంపమని సంఘంలో అడగండి. ఆ పాప ఫోటో మాత్రం ఎక్కడా పెట్టొద్దు.

మేం సామాన్లు సర్దుకుంటుంటే వాసవి నా చెయ్యి పట్టుకుని, "దీదీ, మీరు కూడా ఎల్లిపోతే నాకెవులున్నారు?" అంది. మీ తమ్ముడే నాతో, "నువ్వుండిపో, నేనెల్తాను" అన్నారు.

అందుకే ఆయన ఒక్కరే ఓడలో వస్తున్నారు. మీరే ఎదురెళ్లండి వదినా. ఏడిస్తే ఆపకండి. ఇక్కడ నా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు.

మీ మరదలు