అయిదో బొమ్మ జుట్టు

హిందూపురం,
ఫిబ్రవరి 8, ఆదివారం.

చిరంజీవి రూపకు నీ అవ్వ పద్మావతమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, నా అంగడీ క్షేమం. అక్కడ విశాఖపట్నంలో నీవూ నీ చదువూ కుదురుగా ఉన్నారని తలుస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక పుకారును సరిదిద్దవలసి ఉంది. అవ్వ ఈ వయసులో తలకు నీలం రంగు వేసుకుని మేడ మీద కిటికీలో నిలబడుతోందని మీ నాయన ధర్మవరం నుంచి నీకు ఫోను చేసినట్లు వ్రాశావు. డెబ్బయి రెండేళ్ళ నా తల తెల్లగానే ఉంది. కిటికీలో ఉన్నది కొయ్యతల. దాని మీద ఆరబెట్టినది నీలం విగ్గు. దుమ్ము పడకుండా దాని భుజాల దాకా నా పాత శాలువా చుట్టడం మాత్రం నా పొరపాటే. ఎదురింటి గాజుల అంగడి తిప్పేస్వామి ఆ శాలువాను గుర్తుపట్టాడు, తలను గుర్తుపట్టలేదు.

"ఏమప్పా తిప్పేస్వామీ, నా తల నీలమని జెప్పినావంట?" అని అడిగాను.

"నేను జెప్పలేదమ్మా. ఎవురో అడిగితే ఊ అన్యా, అంతే."

"ఆ ఎవరో ఎవరు?"

"అందురూ," అన్నాడు, గాజులు తుడుచుకుంటూ.

ఇక నీ ప్రశ్నలు. డ్రామా కిరీటాలు అద్దెకిచ్చే అంగడిలో జపాను కార్టూను బొమ్మల జుట్టు తయారవుతుందంటే మీ హాస్టలు పిల్లలు నమ్మడం లేదన్నావు. వారికి ఇట్లా చెప్పు. మీ తాతగారు పోయిన తరువాత కూడా ఈ వారం దాకా ఈ అంగడి తలుపు నేను ఒక్క రోజు కూడా మూయలేదు. కానీ ఊళ్ళలో నాటకాలు తగ్గిపోయాయి. గదలూ భుజకీర్తులూ గోడకు వేలాడుతూ నన్నే చూస్తున్న రోజుల్లో, బెంగుళూరులో చదివే ఇద్దరు పిల్లలు వచ్చి ఫోనులో ఒక బొమ్మ చూపించారు. కిత్తనార మట్టల్లాగా నాలుగు దిక్కులా నిక్కిన తెల్ల జుట్టు. ఆ వేషం కట్టుకుని వారు ఏదో పోటీకి పోవాలట. నేను నిన్ను అడిగితే నీవు ఏమన్నావో గుర్తుందా? "ఆ బొమ్మల్లో ముఖాలన్నీ ఒకే అచ్చు అవ్వా. జుట్టు తీసేస్తే ఎవరెవరో వాళ్ళమ్మ కూడా చెప్పలేదు."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. మన రంగస్థలం మీదా అంతే కదా. ముఖాలకు పూసే రంగు ఒకటే. వెనుక వరుసలో చాప మీద కూర్చున్నవాడు తలకట్టు చూసే రాజెవరో భటుడెవరో చెబుతాడు. మగ్గాల దగ్గర మిగిలే పట్టుపోగులను మీ నాయన సంచుల్లో పంపుతాడు, నేను దిండ్లు కుట్టుకుంటున్నానని అతని నమ్మకం. వాటికి రంగు వేసి, వల మీద కుచ్చులుగా కుట్టి, చింతగింజల గంజి పట్టించి ఎండబెడితే, పెనుకొండ కొండగాలికి కూడా ఆ జుట్టు వంగదు. నేను చదివిన బి.యస్సీ. ఇన్నాళ్ళకు గంజి పాళ్ళు కుదర్చడానికి పనికివచ్చింది.

ఇప్పుడు అజిత్ సంగతి. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆ కుర్రవాడిని నేను అనుమానిస్తున్నానని నవంబరులోనే నీకు వ్రాశాను. నన్ను మందలిస్తూ, "అవ్వా, నీకు అనుమానం జబ్బు" అని సమాధానం ఇచ్చావు. కావచ్చు. అయినా నా కారణాలు విను.

మొదటిది, అతను బేరమాడలేదు. హిందూపురం బజారులో బేరమాడని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. రెండవది, విగ్గులు ఎవరికని అడిగిన ప్రతిసారీ ఒక కొత్త మనిషిని చెప్పేవాడు. గంట ఆకారంలో కత్తిరించిన పచ్చజుట్టు స్నేహితునికట. సజ్జకంకిలాగా నిటారుగా నిలిచే నారింజజుట్టు వాళ్ళ సూపర్‌వైజరుకట. నీలం జుట్టు మరొకరికి. నడుము దాకా దిగే గులాబీ జుట్టు ఇంకొకరికి. కానీ నాలుగింటికీ తెచ్చిన తల కొలత ఒక్కటే, ఇరవై అంగుళాలు. ఫ్యాక్టరీలో నలుగురు పెద్దమనుషులకు ఒకే చిన్నపిల్ల తల ఎట్లా ఉంటుంది?

మూడవది, పోయేటప్పుడు ప్రతిసారీ గొంతు తగ్గించి, "అవ్వా, నేను వస్తాండానని ఎవురికీ జెప్పొద్దు," అనేవాడు. చెప్పవద్దన్న మాట నా దగ్గర నిలవలేదు. తిప్పేస్వామికి చెప్పాను. ఎందుకు చెప్పానంటే, నాకేదైనా జరిగితే ఒక సాక్షి ఉండాలని.

జనవరిలో అయిదో బొమ్మ తెచ్చాడు. అది ఫోనులో లేదు, కాగితం మీద పెన్సిలుతో గీసి ఉంది. నల్ల జుట్టు, నడిమి పాపిట, రెండు జడలు మడిచి చెవుల దగ్గర తెల్ల రిబ్బన్లతో కట్టి ఉన్నాయి. "ఇది ఏ బొమ్మ అప్పా?" అన్నాను. నేల చూస్తూ, "అదే అవ్వా, జపాను బొమ్మ," అన్నాడు. "పట్టుతో వద్దు. నిజం వెంట్రుకలే కావల్ల. మెరవకూడదు."

ఆ కాగితాన్ని నీకు పంపాను. నీ జవాబు మొన్న బుధవారం అందింది. "అవ్వా, ఇటువంటి జుట్టు ఏ జపాను సీరియల్లోనూ లేదు. ఇది మన బళ్ళో ఆడపిల్లల జుట్టు," అని వ్రాశావు. ఒక పెళ్ళికాని యువకుడికి బడిపిల్ల జడల విగ్గు ఎందుకు? పదో తరగతి పరీక్షలు వచ్చే నెలలోనే ఉన్నాయి. ఒకరి బదులు ఒకరిని కూర్చోబెట్టడానికా? లేక ఎవరి పిల్లనో మరొక పిల్లలా మార్చి ఊరు దాటించడానికా? రెండింటిలో ఏది నమ్మాలో తేల్చుకోలేక రెండూ నమ్మాను.

నాలుగో విగ్గును బస్సు పార్సిలులో పంపినప్పుడు అతను ఇచ్చిన చిరునామా నా దగ్గర ఉంది. గురువారం ఉదయం మీ నాయనకు చెప్పకుండా, తిప్పేస్వామికి కూడా చెప్పకుండా, పెనుకొండ బస్సెక్కాను.

నా రెండు అనుమానాలూ తప్పు. ఆ ఇంట్లో ఉన్నది అజిత్ తల్లి ఉలిగమ్మ, చెల్లెలు మల్లిక. కనగానపల్లి దగ్గర గొర్రెలు మేపుకునేవారు. కొడుక్కు ఉద్యోగం రాగానే మూడేళ్ళ కిందట పెనుకొండ వచ్చారు. మల్లికకు పదిహేనేళ్ళు. దసరా ముందు తల మీద ఒకచోట రూపాయిబిళ్ళంత పేనుకొరుకుడు వచ్చింది. తరువాత ఇంకొకటి. దీపావళికి తలంతా అక్కడక్కడ నాలుగు పోగులు తప్ప ఏమీ మిగలలేదు. వైద్యం నడుస్తోంది, మళ్ళీ రావచ్చునని వైద్యులు అన్నారు, ఎప్పుడో చెప్పలేదు. కామెర్లని బడికి చెప్పి, నాలుగు నెలలుగా పిల్ల అరుగు దాటలేదు.

"నాలుగు కుట్టించుకొని జూసినాడమ్మా," అంది ఉలిగమ్మ. "నీ కుట్టు ఎట్లుంటుందో జూడల్ల, నీ నోరు ఎట్లుంటుందో జూడల్ల అని. అయిదోది రాంగానే తగిలించి బడికి పంపిద్దామనుకుంటిమి."

చూశావా రూపా? నేను అతన్ని అనుమానించిన రోజులన్నీ అతను నన్ను అనుమానిస్తూ ఉన్నాడు. మా ఇద్దరిలో అతని అనుమానమే నిజమైంది.

మల్లికను నేను అడిగాను, ఆ రంగు విగ్గులు ఎందుకు పెట్టుకుంటావని. ఆ పిల్ల అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. "పచ్చదీ గులాబీదీ పెట్టుకుంటే విగ్గని అందురికీ తెలుసు అవ్వా. వీధిలో పిల్లోళ్ళు ఆట అనుకుంటారు. లోపల ఏముండాదో ఎవురూ అనుమానపడరు. నల్లది పెట్టుకుంటేనే అందురూ పాపిట కాడ కండ్లు పెడతారు."

ఇంతవరకు వ్రాసి కలం పక్కన పెట్టాను. లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇదంతా నాకు ఎట్లా తెలిసిందో నీకు చెప్పలేదు. చెప్పకుండా ముగించవచ్చు, నీకు తెలిసే దారి కూడా లేదు. అందుకే చెప్పాలి.

నేను వెళ్ళేసరికి ఆ పిల్ల ఇంటి ముందు అరుగు మీద ఉంది. తల మీద నా గులాబీ జుట్టు. చుట్టూ వీధి పిల్లలు, అటువైపు కుళాయి దగ్గర బిందెలతో ముగ్గురు ఆడవాళ్ళు. నా కళ్ళకు ఆమె అజిత్ ఎక్కడినుంచో తెచ్చి వేషం మార్చి దాచిన పిల్ల. "ఎవరు నువ్వు? ఎవరి పిల్లవు?" అన్నాను. ఆమె భయపడి లేచి లోపలికి పోబోయింది. దొంగతనం లేనివాళ్ళు ఎందుకు పారిపోతారు అనుకున్నాను. చెయ్యి చాచి ఆ జుట్టు పట్టుకుని లాగేశాను.

మీ తాతగారు నాకు నేర్పిన మొదటి నియమం ఒకటుంది. వేషం కట్టుకున్న మనిషి తల మీది జుట్టును, కిరీటాన్ని మరొకరు తీయకూడదు. ఎంత ఆలస్యమైనా, తాగి పడిపోయినా, తానే తీసుకోవాలి. ఈ అంగడిలో నలభై ఎనిమిదేళ్ళుగా నేను ఒక్కసారి కూడా దాన్ని తప్పలేదు. గురువారం పదకొండు గంటలకు, పట్టపగలు, వీధిలో తప్పాను.

పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. కుళాయి దగ్గర నల్లమ్మ అనే ఆమె, "అయ్యో, పెండ్లి గావాల్సిన పిల్ల," అంది. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. మల్లిక ఏడవలేదు. రెండు చేతులతో తల మూసుకోవడానికి ప్రయత్నించి, రెండు చేతులు చాలవని తెలిసి, చేతులు దించేసింది. తరువాత నా చేతిలోని జుట్టు చూసి, "నువ్వేనా అవ్వా ఇది కుట్టింది?" అంది. అవునన్నాను. "ఈ బొమ్మకి పాపిట ఎడమపక్క ఉంటాది. నువ్వు నడిమికి కుట్టినావు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం షిఫ్టు దిగి అజిత్ వచ్చేవరకు నేను ఆ అరుగు మీద కూర్చున్నాను. ఇందాక వ్రాసిన మాటలు ఉలిగమ్మా, తలుపు చాటునుంచి మల్లికా అప్పుడు చెప్పినవే. ఉలిగమ్మ నన్ను తిట్టలేదు, మజ్జిగ ఇచ్చింది. అది తిట్టుకన్నా బరువుగా ఉంది. అజిత్ అంతా విని, ఒక్కటే అన్నాడు. "నువ్వు యాడ నోరు జారుతావో అని భయపడితిని అవ్వా. చెయ్యి జారుతుందనుకోల్యా."

అయిదో విగ్గు ఎంత కష్టమైనా కుట్టి ఇస్తానన్నాను. లోపలినుంచి మల్లిక సమాధానం చెప్పింది. "ఇంగ వద్దులే అవ్వా. అందురూ జూసినంక ఎవురిని నమ్మించేకి? నేను బడికి పోను, పరీక్షా రాయను." లెక్కల్లో నూటికి తొంభై తక్కువ రాని పిల్లట.

నా జీవితంలో ఎవరికీ క్షమాపణ చెప్పలేదని నీకు తెలుసు. మీ తాతగారికే చెప్పలేదు, ఆయన కూడా అడిగే సాహసం చేయలేదు. ఆ రాత్రి బస్సులో ఆ మాటను ఎన్ని విధాలుగా పేర్చి చూసినా అది నోటితో చెప్పి సరిపెట్టగల పనిగా కనిపించలేదు. వీధిలో చేసిన తప్పును ఇంట్లో కూర్చుని దిద్దుకోవడం కూడా ఒక దొంగతనమే.

శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. ముందు బడికి. ప్రధానోపాధ్యాయురాలికి జరిగింది జరిగినట్లు, నా పేరు చెప్పి, నా చేయి చూపించి చెప్పాను. ఆమె నాకన్నా ముప్పై ఏళ్ళు చిన్నది, నాకన్నా తెలివైనది. "రిబ్బన్లు జడలున్న పిల్లలకమ్మా. ఆమెను తలకు గుడ్డ కట్టుకుని రమ్మనండి, కట్టుకోకుండా వచ్చినా సరే," అంది. ఆ మాట తీసుకుని మల్లిక దగ్గరకు వెళ్ళాను. తలుపు తీయలేదు. తలుపు ఇవతలినుంచే చెప్పి వచ్చాను. విన్నదో లేదో తెలియదు.

అక్కడినుంచి నేరుగా ఇంకొక పని చేశాను. ఎవరినీ అడగలేదు. అడిగితే మీ నాయన వద్దంటాడు, నీవు ఏడుస్తావు, తిప్పేస్వామి ఊరంతా చెబుతాడు. ధర్మవరం వచ్చి తన ఇంట్లో ఉండమని మీ నాయన ఏడాదిగా అడుగుతున్నాడు కదా, అతనికి నా జవాబు కూడా ఇదే అనుకోవచ్చు. ఉలిగమ్మ ఇంటికి మూడు ఇళ్ళ అవతల, కుళాయికి ఎదురుగా ఒక గది అద్దెకు తీసుకున్నాను. కొయ్యతలలూ, రంగుల డబ్బాలూ, గంజి బానా, ఒక స్టవ్వూ నిన్న మధ్యాహ్నం గూడ్సు ఆటోలో పంపేశాను. అంగడికి తాళం వేసి, పరీక్షలు ముగిసేవరకు ఇక్కడ ఎవరూ ఉండరని పలక వ్రాసి తగిలించాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

ఆ వీధిలో ఆ పిల్ల తల గురించి ఎవరైనా మాట్లాడదలచుకుంటే నా ముఖం చూసి మాట్లాడాలి. ఆ గుసగుస మొదలుపెట్టిన చెయ్యి ఏదో వారికి రోజూ కుళాయి దగ్గర కనబడాలి. రేపటినుంచి ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు మల్లిక గడప ముందు నిలబడతాను. ఆమె వస్తే బడి దాకా వెంట నడుస్తాను, ముందు నడవను. రాకపోతే అరుగు మీద కూర్చుని, గంట కొట్టిన తరువాత లేచి వచ్చేస్తాను. మరునాడు మళ్ళీ పోతాను. నన్ను చూడడమే ఆమెకు ఇష్టం లేకపోతే ఆ మాట ఆమె చెప్పాలి. చెప్పిన రోజు ఎదురుగా నిలబడడం మానేస్తాను, వీధి మాత్రం వదలను.

మీ నాయనకు ఒక వారం దాకా చెప్పవద్దు. ఈలోగా వాడు వచ్చి తాళం చూస్తే చూడనీ. బస్సు వేళయింది. కవరు మీద నా కొత్త చిరునామా వ్రాశాను. ఇకమీదట ఉత్తరాలు అక్కడికే వ్రాయి.

ఇట్లు,
మీ నాయనను కన్నతల్లి,
నీ అవ్వ
పద్మావతమ్మ