పెద్దాయన కనుబొమ్మ

జూన్ 3, మంగళవారం

ఈ రోజు టీకి వాసన లేదు. రుచీ లేదు. వేడి మాత్రం ఉంది.

టేస్టింగ్ బల్ల మీద వరసగా కప్పులు. చెంచాతో తీసుకుని సర్రున పీల్చాలి, నోట్లో తిప్పాలి, ఉమ్మేయాలి, ఎలా ఉందో చెప్పాలి. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఆఫీసులో నన్ను కుక్కముక్కు అంటారు. ఆ బిరుదుకి తెగ పొంగిపోయేదాన్ని. ఇప్పుడు పీలుస్తున్నాను, ఉమ్ముతున్నాను, మిగతాదంతా నటన.

ఒక దారి దొరికింది. మా చీఫ్ టేస్టర్‌ని అందరం పెద్దాయన అంటాం. ఏ కప్పయినా ముందు ఆయనే చూస్తారు. టీలో పొగవాసన ఉంటే ఆయన ఎడమ కనుబొమ్మ లేస్తుంది. బాగుంటే రెండూ దిగుతాయి. నేను చదివేది ఆ కనుబొమ్మనే. ఈ రోజు ఒక్క కప్పూ తప్పు పోలేదు. జలుబా అమ్మా అని అడిగారు. అవునన్నాను. చలికాలం నుంచీ నాకు జలుబే.

కొకైన్ అని ఇక్కడైనా రాయాలి కదా. రాశాను. కొత్త ఆకు వచ్చే రోజుల్లో పని తెమలడం లేదని గొణిగితే ఒక స్నేహితురాలు ఇచ్చింది. కాఫీలాంటిదేలే అంది. టీ మనిషిని కదా, కాఫీని తక్కువ అంచనా వేశాను.

జూన్ 4

తీసుకోలేదు.

జూన్ 4, సాయంత్రం

తీసుకున్నాను.

జూన్ 9, సోమవారం

కప్పు మీదికి వంగితే ముక్కులోంచి రక్తం బొట్టు టీలో పడింది. మోచేత్తో కప్పు తోసేశాను. పక్కవి కూడా పగిలాయి. చెయ్యి జారిందన్నాను.

బాత్రూమ్‌లోకి వెళ్ళేసరికి ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి లాగుతోంది. ఒళ్ళంతా చెమటలు. ఆసుపత్రికి వెళితే ఏం తీసుకున్నావని అడుగుతారు. అందుకని అక్కడే కూర్చుని, నేను పోతే తమ్ముడికి ఎవరు ఫోన్ చేస్తారా అని ఆలోచించాను. కాసేపటికి తగ్గింది. తగ్గగానే చేసిన మొదటి పని, బ్యాగులో ఇంకా ఎంత మిగిలిందో చూసుకోవడం.

నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

జూన్ 14, శనివారం

నేనూ తమ్ముడూ ఒకే ఇంట్లో ఉంటాం. వాడు బస్సు నడుపుతాడు. రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చి తలుపు తీశాడు. నేను స్టవ్ ముందు లైటర్ పట్టుకుని నిలబడి ఉన్నాను. అక్కా వెలిగించకు అని వాడు అరిచిన అరుపుకి లైటర్ జారిపోయింది. రెక్క పట్టుకుని నన్ను మెట్ల మీదికి లాగేశాడు. మళ్ళీ లోపలికి పరిగెత్తి సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ తీశాడు. నాబ్ ఎప్పుడు తిప్పి మరిచిపోయానో నాకు తెలియదు. ఇల్లంతా గ్యాసేనట.

నీకు వాసన రాలేదా అక్కా అన్నాడు. చిన్నప్పుడు వాన రాకముందే వాసన పట్టి ఆరేసిన బట్టలు తీసేదాన్ని. పోలీసు కుక్క అని ఏడిపించింది వీడే. జలుబురా అన్నాను.

ఇంకొక్క క్షణమైతే నా తమ్ముణ్ణి నా చేతులతో కాల్చేసేదాన్ని.

అదే రోజు, మధ్యాహ్నం

ఉన్నదంతా సింకులో పోసి నీళ్ళు వదిలాను. పీడ విరగడైందని ఏడ్చాను. తర్వాత సింకు అంచున తెల్లగా ఏదో కనిపించింది. వేలికి అద్దుకుని చిగుళ్ళకు రాసుకున్నాను. నోట్లో నురగ వచ్చాక తెలిసింది, అది గిన్నెలు తోమే పొడి అని.

జూన్ 16, సోమవారం

పెద్దాయన నన్నొక్కదాన్నే టేస్టింగ్ గదికి పిలిచారు. బల్ల మీద ఒక్కటే కప్పు. ఆయన పీల్చారు. ఎడమ కనుబొమ్మ లేచింది. నేనూ పీల్చి, పొగవాసన ఉంది, ఆకు మాడింది అన్నాను.

ఆయన కనుబొమ్మ దిగలేదు. ఇందులో ఆకే లేదమ్మా అన్నారు. కేకుల్లో వేసే రంగు కలిపిన వేడినీళ్ళట. కొన్నాళ్ళుగా నువ్వు టీని కాదు, నా మొహాన్ని చూసి చెబుతున్నావు అన్నారు.

తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. ఏం వాడుతున్నావో నాకు చెప్పక్కర్లేదు, డాక్టరుకి చెప్పు, అందాకా ఇది నా దగ్గరుంటుంది అని నా చెంచా తీసి జేబులో పెట్టుకున్నారు.

జూన్ 18, బుధవారం

జలుబు తగ్గడం లేదని తమ్ముడే ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ఒక రంధ్రంలో లైటు వేసి రెండో దాంట్లోకి చూసింది. ముక్కు మధ్య గోడకి చిల్లు పడిందట. ఏదైనా పొడి పీలుస్తున్నారా అని మెల్లగా అడిగింది. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు, మా అక్కకి అలాంటివేం లేవండీ, ఉత్త జలుబేనండీ అన్నాడు. నా అబద్ధాన్ని వాడు నిజమని నమ్మి చెబుతుంటే విన్నాను. భరించలేకపోయాను. కొకైన్ అన్నాను.

వాడు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఛాతీ నొప్పి సంగతి కూడా చెప్పేశాను. రక్తనాళాలు ముడుచుకుపోయి ఏ వయసులోనైనా గుండెపోటు రావచ్చంది. మళ్ళీ వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి నిజం చెప్పమంది. ఒక మాత్రతో పోయేది కాదట. మత్తు మాన్పించే సెంటర్‌లో చేరాలి, కౌన్సెలింగ్ ఉంటుంది. మానేసిన కొత్తలో విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు. చావాలనిపిస్తే దాచొద్దంది. మధ్యలో జారినా సిగ్గుపడకుండా రమ్మంది. వాసన తిరిగి వస్తుందా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు అంది.

బయట తమ్ముడు బెంచీ మీద ఉన్నాడు. నీతో ఇక మాట్లాడను అన్నాడు. ఆ వెంటనే, ఎప్పుడు చేరాలి అన్నాడు.

జూన్ 21, శనివారం. సెంటర్

ఒళ్ళంతా కావాలి కావాలి అంటోంది. మంచం పక్క గోడకి కొత్తగా సున్నం వేశారు. తెల్లగా పొడి రాలుతుందేమోనని గోరుతో గీకి చూశాను. నర్సు దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆమె గోళ్ళ కత్తెర ఇచ్చి, నేను కత్తిరించుకునేదాకా పక్కనే కూర్చుంది.

జూన్ 29, ఆదివారం

పోయినసారి తమ్ముడు వచ్చినప్పుడు పెద్దాయన కనుబొమ్మ సంగతంతా చెప్పాను. ఈ రోజు ఫ్లాస్కులో టీ తెచ్చాడు. నాకు పోసిచ్చి, మొహం కనిపించకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అటు చూస్తూనే, ఎలా ఉందక్కా అన్నాడు.

తెలియడం లేదురా అన్నాను.