గౌరికి పట్టిన అల్లం నీళ్లు

బరంపురం

అప్పకు, నీ చెల్లి రాజమ్మ దండాలు. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? మార్కండిలో గాలి ఎలా ఉంది, వలలకు చేపలు పడుతున్నాయా? నేనిక్కడ బాగానే ఉన్నాను. బెంగ పెట్టుకోకు.

హాస్టల్ వంటపని అలవాటైంది గాని ఒళ్లు అలిసిపోతోంది. పొద్దున్నే పిల్లల టీకి అల్లం చెక్కు తీసి దంచడం నా వంతు. సాయంత్రానికి వేళ్లు మండుతాయి, ఎంత కడిగినా వాసన వదలదు. ఇక్కడ సముద్రపు గాలి లేదు. రేకుల గదిలో పగలంతా ఉడికిపోవడమే. ఇప్పుడిప్పుడే వానలు మొదలయ్యాయి, దాంతో హాస్టల్లో సగం మందికి రొంపలు. అమ్మ కాచినట్టే అల్లం, తులసి, మిరియాలు వేసి కాచి ఇస్తున్నాను. నెలసరి నొప్పని ముడుచుకుని పడుకున్న పిల్లలకు కాస్త బెల్లం కలిపి ఇస్తాను. తాగాక కొంచెం నయంగా ఉందంటారు. మా ఆయన, అదే మీ మరిది, కేరళ పడవల మీదే ఉన్నారు. ఫోన్ దొరికినప్పుడు మాట్లాడతారు.

మా పక్కగది గౌరి గురించి నీకు చెప్పాలి. దిగపహండి వైపు రైతు కుటుంబం పిల్ల, తెలుగువాళ్లే. మొగుడు సూరత్ మిల్లులో పని చేస్తాడు. నాతోపాటే హాస్టల్లో గిన్నెలు తోముతుంది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు మూడో నెల. వాంతులు పట్టుకున్నాయి చూడు, అన్నం సంగతి అటుంచి గుక్కెడు నీళ్లు కూడా నిలవలేదు. పది రోజుల్లో మనిషి సగమైపోయింది. కాస్త అల్లం నీళ్లు పట్టనా అంటే తల అడ్డంగా ఊపింది. అల్లం వేడి, కడుపు నిలవదని వాళ్ల అత్త ఫోన్లో మరీమరీ చెప్పిందట.

నాకూ భయం వేసింది అప్పా. నాకు తెలిసిన వైద్యమంతా అమ్మ చేతిది. కడుపుతో ఉన్న మనిషికి ఏది ఎంత పెట్టాలో నాకేం తెలుసు? ఒకరోజు గౌరి గిన్నెల దగ్గరే కళ్లు తిరిగి పడిపోతే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఒంట్లో నీరు లేదని సెలైన్ ఎక్కించారు, మాత్రలు రాశారు. అల్లం సంగతి నేనే అడిగాను. ఆ డాక్టరమ్మ ఒడియాలో నిదానంగా చెప్పింది. పల్చగా, కొంచెం కొంచెం అయితే వికారానికి మంచిదే, చిక్కటి కషాయాలు మాత్రం వద్దు, నీళ్లు నిలవకపోయినా, నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా వెంటనే రమ్మంది.

ఇంటికొచ్చాక చిన్న ముక్క చితక్కొట్టి గ్లాసుడు నీళ్లలో మరిగించి చల్లార్చాను. గౌరి గ్లాసు పట్టుకుని కూర్చుందే గాని తాగలేదు.

"రేపు ఏటైనా అయితే అందరూ నిన్నే అంటారు వదినా. నీకు బయం లేదా?" అంది.

"బయమే. అంటే అననీ. నువ్విలా ఎండిపోతంటే సూస్తూ కూసోలేను" అన్నాను.

చెంచాతో పట్టాను. మాత్ర వల్లో, అల్లం వల్లో, సెలైన్ వల్లో తెలీదు, రెండోరోజుకు గంజి నిలిచింది. తర్వాత మెత్తటి అన్నంలో ఉప్పు వేసుకుని తింది. వాంతులు పూర్తిగా పోలేదు, తగ్గాయంతే. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

వారం తిరగకుండా ఒక మధ్యాహ్నం పొత్తికడుపులో నొప్పంది. మళ్లీ ఆటో, మళ్లీ ఆసుపత్రి. దాన్ని స్కానింగ్‌కి లోపలికి తీసుకెళ్లారు, నేను వరండాలో నేల మీద కూలబడ్డాను. నా చేతులు నేనే చూసుకుంటూ ఉండిపోయాను. ఈ చేతులతోనే పట్టాను కదా అని. చాలాసేపటికి గౌరి గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"గుండె కొట్టుకుంటంది వదినా. నాకూ ఇనిపించారు" అంది.

నొప్పికి కారణం అల్లం కాదట, మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. అక్కడే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

తర్వాత వాళ్ల అత్త వచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు, మెచ్చుకోనూ లేదు. నేను వండింది తిని, నా చాప మీద కాసేపు నడుం వాల్చి, కోడల్ని దిగపహండి బస్సెక్కించుకుపోయింది. కాన్పయ్యే దాకా అక్కడే ఉంచుకుంటుందట. అదీ మంచిదే. పసిబిడ్డ తల్లికి శొంఠిపొడీ నెయ్యీ కలిపి పెట్టడం ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

పక్కగదికి తాళం పడింది. దాని పని కూడా ఇప్పుడు నా మీదే. ఎండుచేపలు ఉంటే ఎవరైనా వచ్చేటప్పుడు పంపు. బావ మోకాలికి శొంఠి అరగదీసి పట్టు వేస్తే హాయిగా ఉంటుంది గాని, వాపు ఉంటే మాత్రం ఛత్రపురం ఆసుపత్రిలో చూపించండి.

ఇంకొక మాట. నాలుగు రోజులుగా నాకూ జ్వరం, దగ్గు. మాత్రలు వేసుకుంటున్నాను, తగ్గుతోంది, కంగారు పడకు. కానీ లేచి నాకు నేను నీళ్లు కాచుకోవాలంటే ఒంట్లో ఓపిక ఉండడం లేదు అప్పా. వీలు చూసుకుని ఒక నాలుగు రోజులు వచ్చి నా దగ్గర ఉంటావా? ఫోన్లో నీ గొంతు వింటే బాగున్నాననే అనేస్తాను. అందుకే రాశాను.

పెద్దమ్మకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ చల్లని చెయ్యి నా మీద ఉండాలి.

నీ చెల్లి
రాజమ్మ