బాలికా విద్యా విభాగపు గడిలో పేరు

రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టర్ జనరల్ గారి సముఖమునకు,
బాలికా విద్యా విభాగాధిపతి ఇఖ్లాస్ బాబికర్ గారి ద్వారా

అయ్యా,

విషయం: శాఖ కొత్త నిర్మాణ పటంలో బాలికా విద్యా విభాగపు గడిలో ఉన్న పేరును సరిచేయించుట గురించి.

పర్యవేక్షకురాలు బుథైనా ఇద్రీస్ వ్రాసుకొను మనవి.

1. మంత్రిగారి కింద తమరు, తమ కింద ప్రణాళిక, ప్రాథమిక, మాధ్యమిక, పరీక్షల విభాగములు, వాటి కింద మండల కార్యాలయములు, ఆ కింద బడులు. తమ ఆదేశానుసారం ఈ పటం గీసినది నేను. ప్రాథమికంలో ఆఖరిదైన ఎనిమిదో తరగతి ముగించి మాధ్యమికంలో చేరని ఆడపిల్ల మాది కాదంటే మాది కాదని ఆ రెండు విభాగములూ అనుచున్నందున, ఆ పిల్ల కోసం కొత్త గడి చేర్చినదీ నేనే. పదకొండేళ్లు పడవలో నీల నైలు నది దాటి ఆ బడులు తిరిగాను కనుక గడి నాదే అనుకున్నాను. పైకి మాత్రం అనలేదు.

2. సమావేశంలో తమరు ఆ గడికి పేరు అడిగినప్పుడు పక్కనున్న ఇఖ్లాస్ పేరు రాసి, "నువ్వే తీసుకో, నీకే తగును" అన్నాను. గుమ్మం దగ్గరైనా, ఫలహారపు పళ్లెం దగ్గరైనా మనలో ఎవరైనా చేసేది అదే గదా. ఆమె కాదనాలి, నేను బతిమాలాలి, ఆమె ఒట్టు పెట్టి నా చేతిలో పెట్టాలి. ఇరవై ఏళ్లుగా ఒకే పళ్లెంలో తింటున్నాం. ఫూల్ అనే చిక్కుడుగింజల కూరలో చివరి ముద్ద ఎవరిదో తేలేసరికి ఆఫీసు గంట కొట్టేవారు. ఆ రోజు ఇఖ్లాస్, "నువ్వంటే కాదంటానా" అని కలం అడిగి సంతకం చేసింది. తమరు చప్పట్లు కొట్టారు. నేను ఇంకా గట్టిగా కొట్టాను.

3. నది కనిపించే గది ఆమెది. కాఫీ మొదట ఆమెకే వెళ్తుంది. ఆమెకు పని చేతకాదని రాయగలిగితే ఈ అర్జీ సులువయ్యేది. నీళ్లు లేవని నేను పదకొండేళ్లు నివేదికలు రాసిన మూడు బడులకు ఆమె రెండు నెలల్లో నీళ్లు తెప్పించింది. ఇది నా మనవికి బలమో లోపమో తేల్చుకోలేకున్నాను.

4. అయినను గడిలో నా పేరు చేర్పించ ప్రార్థన. అర్జీ ఆమె బల్ల మీదుగానే తమకు చేరవలెను. పటంలో ఆ గీత కూడా నేనే గీశాను.

దయతో చిత్తగించవలెనని కోరుచు,
తమ విధేయురాలు,
బుథైనా ఇద్రీస్

తా.క. ఇప్పుడే ఇఖ్లాస్ నా ఎదుటే ఇదంతా చదివింది. "నాకు కావాలి అని ఒక్కసారి నోరు తెరిచి అనుంటే ఆ రోజే ఇచ్చేదాన్ని కదే" అంది. తర్వాత అంచున, 'ఈమే అర్హురాలు, సిఫారసు చేస్తున్నాను' అని ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. నేనైతే వారం రోజులైనా ఆ వాక్యం రాయగలిగేదాన్ని కాదు. అందుకూ ఆమె మీద కుళ్లుగానే ఉంది. నిజంగా ఇస్తున్నదో, నేను కాదనాలని ఎదురుచూస్తున్నదో తెలియడం లేదు. అయ్యా, ఈసారి నేను కాదనడం లేదు.