నాయన అల్లిన స్వెట్టరు

మార్కాపురం,
1938 నవంబరు 14.

చిరంజీవి సౌభాగ్యవతి లేయమ్మకు మీ అమ్మ మగ్దలీనమ్మ దీవించి రాయించే సంగతులు. ప్రభువు దయ వల్ల మీ నాయన, మీ మేనత్త పిచ్చమ్మ, నేను ఒక కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ ఉన్నాం. నువ్వూ, అల్లుడు కృపాకరూ, పాపా హుబ్లీలో క్షేమమని నీ ఉత్తరం వల్ల తెలిసింది. మీ నాయన దాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు.

ముందు పాప సంగతి. దగ్గు పట్టిందనీ, అక్కడ వాన వదలక గోడలు చెమ్మగిల్లాయనీ రాశావు. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి ఛాతీకి, అరికాళ్లకు రాయి. తడిసిన గుడ్డ ఒంటిమీదే ఆరనివ్వకు. స్వెట్టరు ఎలా ఉతకాలని అడిగావు. చాకలికి మాత్రం వెయ్యకు. కుంకుడు నురగలో ముంచి తీసి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమితే నీళ్లు పోతాయి. తర్వాత చాప మీద పరిచి నీడలో ఆరబెట్టు. తీగమీద వేలాడదీస్తే సాగిపోతుంది.

ఇక్కడ వానలు ముఖం చాటేశాయి. జొన్న మోకాలెత్తులోనే వాడిపోయింది. పలకల గనిలో పని ఉంది కాబట్టి మీ నాయనకు కూలికి లోటు లేదు. నువ్వు పెంచిన మేక మళ్లీ ఈనింది. మీ మేనత్తకు మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, నోరూ అలాగే ఉంది.

ఇక నీ కోపం సంగతి.

తొలికాన్పుకు పుట్టింటికి పిలవలేదన్నావు. కాన్పయ్యాక కూడా వచ్చి చూడలేదన్నావు. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఒక్క ఉత్తరమూ నా చేత్తో రాయలేదు, అన్నీ నాయన చేతే రాయిస్తున్నానన్నావు. చివరికి పంపిన స్వెట్టరు కూడా నా అల్లిక కాదని కనిపెట్టావు. "ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. నీ చేతి పని నాకు తెలియదా అమ్మా? నీ బడిలో ఏ పిల్ల చేతికో ఇచ్చి నేర్చుకోమన్నావా? నా బిడ్డ నీకు అంత బరువైందా?" అని అడిగావు. అమ్మమ్మ కుట్టిన బొంత రాలేదని మీ అత్తగారి ముందు తల ఎత్తుకోలేకపోయావట. అన్నీ చెబుతాను. కోపం అలాగే ఉంచుకుని చదువు, పరవాలేదు.

స్వెట్టరు అల్లింది మీ నాయన.

నీకు నెల తప్పిందని తెలిసిన వెంటనే నేను తెల్ల ఊలు తెప్పించి పెట్టె అడుగున దాచాను. దాన్ని సూదులకు ఎక్కించే వేళకు నా వల్ల కాలేదు. ఎందుకు కాలేదో కాసేపట్లో చెబుతాను. బయటివాళ్లను అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని మీ నాయనను అడిగాను. రోజూ గని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, తలుపు గడియ వేసి కూర్చునేవాడు.

"ఇదేందే, మగోడు చేసే పనేనా ఇది? గనికాడ తెలిస్తే బతకనిస్తారా?" అన్నాడు మొదటి రోజు.

"పేతురు వల అల్లినాడు గదయ్యా, ఆయన మగోడు కాదా?"

"పేతురు వల అల్లినాడు. ఊలు బొచ్చు అల్లలా" అన్నాడు. అంటూనే సూదులు చేతిలోకి తీసుకున్నాడు.

నేను చాపకు ఈ చివర కూర్చుని నోటితో చెప్పేదాన్ని. రాయి కోసి కోసి ఆయన వేళ్లు ఎట్లా పగిలి ఉంటాయో నీకు తెలుసు. ఆ పగుళ్లలో ఊలు చిక్కుకునేది. ఆముదం రాస్తే ఊలు పచ్చబడుతుందని కొవ్వొత్తి మైనం రుద్దుకుని కూర్చునేవాడు. కుట్టు జారినప్పుడల్లా నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయేది. నేను మళ్లీ వెనక్కి లాక్కునేదాన్ని. "యాడ జారిందో నోటితో చెప్పు, నేనే పట్టుకుంటా" అనేవాడు. ఎడమ చెయ్యి అల్లేటప్పుడు నేను చెప్పడంలోనే లెక్క తప్పింది. విప్పి మళ్లీ అల్లుదామన్నాను. "విప్పేదానికి వీల్లేదు. బిడ్డ పెరగతాది, ఆ చెయ్యి దానంతట అదే సరిపోతాది" అన్నాడు. మెడ దగ్గర కుట్లు ముగించిన రోజు దాన్ని తన పిడికిలికి తొడిగి చాలాసేపు చూసుకున్నాడు. ఆ స్వెట్టరును తిట్టకు తల్లీ.

బొంత మాత్రం నేనే కుట్టాను, వేసవిలో. పైకి నా మెత్తబడ్డ తెల్లచీర, లోపల మీ నాయన పాత పంచెలు, అంచుకు నీ చిన్నప్పటి లంగా ముక్కలు. అది ఇంట్లోనే ఉంది. పంపలేదు, పంపను. నువ్వే ఒకటి కుట్టు. మెత్తబడిన గుడ్డే వాడు, కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. ముందు నాలుగు మూలలూ పట్టి, తర్వాత నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ పో. అంచుల నుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బుతుంది. మీ అత్తగారిని పక్కన కూర్చోమని అడుగు. ఆమె నొచ్చుకోదు, సంతోషిస్తుంది.

లేయా, ఇక్కడ కాసేపు ఆగు. అల్లుడు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని మిగతాది చదువు.

బడి తెరిచిన కొత్తలో, వరండాలో ఆడపిల్లలకు దిండు గలీబు అంచు మడిచి కుట్టడం చూపిస్తున్నాను. ఎడమ చేత్తో గుడ్డ పట్టుకుని కుడి చేత్తో కుడుతూ వాళ్లతో మాట్లాడుతున్నాను. ఉన్నట్టుండి ముందు వరసలో పిల్ల కేక వేసింది. "అమ్మగారూ, సూది! మీ వేలు గూడా కలిపి కుట్టేసినారు!" చూసుకుంటే నిజమే. ఎడమ చిటికెన వేలి చర్మంలోంచి దారం రెండుసార్లు పోయి ఉంది. గుడ్డ మీద రక్తం. పిల్లలు బెదురుతారని నవ్వాను. దారం తెంపి వేలు లాక్కున్నాను. అప్పుడు కూడా నొప్పి లేదు.

ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని అదే సూదితో ఒక్కొక్క వేలూ గుచ్చి చూసుకున్నాను. బొటనవేలికి తెలిసింది. చూపుడు వేలికి, నడిమి వేలికి తెలిసింది. ఉంగరపు వేలికి సగమే తెలిసింది. చిటికెన వేలు నాది కానట్టే ఉంది. వేసవిలో అన్నం కుండ దించేటప్పుడు అదే చెయ్యి కాలి బొబ్బలెక్కినా తెలియకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. మోచేతి పైన పాలిపోయిన మచ్చ ఒకటుంది, నువ్వు కూడా చూశావు. నూనె చిందిన మచ్చ అనుకున్నాం.

ఆస్పత్రికి పోయాను. డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమంది. "దూదితో తాకుతాను, తాకిన చోటు వేలితో చూపించు" అంది. నేను కళ్లు మూసుకుని ఎదురుచూశాను. ఎంతసేపటికీ ఏమీ లేదు. "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగాను. కళ్లు తెరిచి చూస్తే దూది నా మోచేతి మీదే ఉంది.

ఇక్కడ మీ నాయన కలం కింద పెట్టేశాడు.

"ఆ పేరు నేను రాయను. నరాల జబ్బు అని రాస్తా."

"రాయి. పేరు తెలియకుంటే బిడ్డ డాక్టరుకు ఏమని చెప్పుకుంటాది?"

"బాలింత అది. చంటిబిడ్డ తల్లి. పాలు ఎండిపోతాయే."

"ఎండిపోవు. రాయయ్యా."

కుష్టు తల్లీ. నాకు కుష్టు వచ్చింది.

నేను ఇంటికి వచ్చి ఈ మాట చెప్పిన రోజు మీ నాయన లేచి బయటకు పోయి మేకను ఒక గుంజ నుంచి విప్పి ఇంకో గుంజకు కట్టాడు. మళ్లీ లోపలికి వచ్చి "కూడు పెట్టు" అన్నాడు. నా కంచం దూరంగా పెట్టుకుంటే తెచ్చి తన కంచం పక్కన పెట్టాడు. నేను నీళ్లకు వేరే ముంత పెట్టుకున్నాను. మరునాడు ఆ ముంత తీసుకుని గనికి పోయాడు. అప్పటి నుంచి అక్కడ ఆయన తాగేది దానితోనే.

నీకు ఏడో నెల వచ్చినప్పుడు, ఊళ్లో కలరా ఉంది రావద్దని రాయించాను గదా. కలరా లేదు. నువ్వు వస్తే నిన్ను నా ఇంట్లో పడుకోబెట్టుకుని, నా చేతులతో నీకు నీళ్లు పోసి, పుట్టిన బిడ్డను ముందుగా నేనే అందుకోవాలి. ఆ చేతులే ఇవి. ధైర్యం చాలలేదు. కడుపుతో ఉన్నదానివి, నిజం చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు. నువ్వు మీ అత్త చేతుల మీద కన్నావు. అమ్మ ఉండి కూడా లేనట్టయిందని ఏడ్చావట. ఆ వారమంతా నేను గుడిలో పాటకు నోరు తెరవలేకపోయాను.

ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. ఇంట్లో నాతో కలిసి బతికినవాళ్లందరూ ఒళ్లు చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. మీ నాయనను, మీ మేనత్తను చూసింది. ఇద్దరికీ ఏమీ లేదు. నీ పెళ్లి నాటికే ఆ మచ్చ నా చేతి మీద ఉంది. నువ్వు నా పక్కలోనే పడుకునేదానివి. అందుకని రైల్వే ఆస్పత్రికి పోయి చూపించుకో. చేతులూ ముఖమూ మాత్రమే కాదు, వీపు కూడా చూడమను. పాలిపోయిన మచ్చ ఉంటే వేడీ చల్లనా తెలుస్తున్నాయో లేదో చూడమను. పాపను కూడా చూపించు. సిగ్గుపడకు, ఆలస్యం చెయ్యకు. అల్లుడికి దాచకు. దాచి బతకడం ఎంత కష్టమో ఈ నాలుగు నెలల్లో చూశాను.

నా జబ్బు ఇంకా ఒకరికి అంటుకునే దశలో లేదని డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. రైలు ఎక్కడానికి అది ఉండాలట. కాగితాల మీద, గుడ్డల మీద అంత భయం అక్కర్లేదనీ చెప్పింది. అయినా నేను తాకిన కాగితం నీ ఒడిలోకి, బిడ్డ పక్కకి రావడం నా మనసు ఒప్పుకోదు. ఉత్తరాలు మీ నాయన చేత రాయించింది అందుకే.

బడి పని నేనే మానుకున్నాను. పిల్లల తల్లుల్లో కొందరు నన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లలో రంగమ్మ మాత్రం వచ్చి వాకిట్లోనే కూర్చుని, "నా రవికె చంక చినిగింది, ఎట్ల కుట్టుకోవాలో చెప్పు వదినా" అంటుంది. ఎప్పటి నుంచో కుట్టు తెలిసిన మనిషే. చెప్పించుకుని పోతుంది.

మందు ఉంది. సూదిమందు, నూనెది. దానికి దూరాన ఉన్న ఆస్పత్రిలో ఏడాదో రెండేళ్లో ఉండాలి. ముందుగా వచ్చాను కాబట్టి ఇంకా ముదరకుండా ఆపవచ్చంటున్నారు. చచ్చిన వేళ్లకు మాత్రం మళ్లీ స్పర్శ రాదట. అక్కడ ఆడవాళ్లకు కుట్టుపని ఉందనీ, చేతికి స్పర్శ తెలియనివాళ్లు ప్రతి కుట్టూ కంటితో చూస్తూ కుడతారనీ డాక్టరమ్మ చెప్పింది. పోయిన శనివారం వాకిట్లో వెలుతురులో కూర్చుని మీ నాయన చొక్కాకు ఒక గుండీ అట్లాగే కుట్టి చూశాను. చూపు పక్కకు తిప్పితే సూది ఎక్కడికి పోతుందో తెలియదు. మధ్యాహ్నం మొదలుపెడితే ఎండ వాలింది. గుండీ నిలిచింది.

త్వరలో బయలుదేరుతున్నాం. మీ నాయన నన్ను అక్కడ చేర్చి తిరిగి వస్తాడు. ఏ రోజో రాయించడం లేదు. నువ్వు రావద్దు. పచ్చి బాలింతవు, చంకలో బిడ్డ. ఏ డాక్టరు ఏమన్నా నేను బిడ్డ దగ్గరకు రాను. నాకు నయమైతే నేనే వస్తాను. మీ అత్తగారికీ అల్లుడికీ ఈ సంగతి కష్టమనిపిస్తే ఉత్తరాలు కూడా మానెయ్యి. నేను ఏమీ అనుకోను. నువ్వు ఒళ్లు చూపించుకున్నావనీ, ఏమీ లేదన్నారనీ ఒక్క కార్డు మాత్రం మీ నాయన పేరిట రాయి.

పాపకు నా ముద్దులు. అల్లుడికి దీవెనలు.

ఇట్లు
నిన్ను కన్న
అమ్మ, మగ్దలీనమ్మ

లేయమ్మా, ఇది నేను సొంతంగా రాస్తున్నాను. మీ అమ్మ మేకకు ఆకు వేయడానికి పోయింది. మేము డిసెంబరు 4 ఆదివారం మార్కాపురం రోడ్డు స్టేషనులో బండి ఎక్కుతాం. సోమవారం తెల్లవారేసరికి గుంతకల్లులో దిగుతాం. మా రెండో బండి సాయంత్రం. అంతవరకూ స్టేషను బయట, గూడ్సు షెడ్డు పక్కన నీడలో ఉంటాం. హుబ్లీ బండి గుంతకల్లుకే వస్తుంది గదా. బిడ్డను తేవాలో వద్దో ముందు మీ డాక్టరును అడగండి. మా డాక్టరమ్మను నేను అడిగినాను, దూరం నుంచి చూపిస్తే ఏ తప్పూ లేదన్నది. మీ అమ్మ అడగదు. నేను అడుగుతున్నా.

నాయన, నిత్యానందం